ఉద్దానం జీడితోటల్లో ఎలుగులు: ఒక ప్రశ్నకు సమాధానం

మీరు విశాఖపట్నంలో, పెందుర్తి దగ్గర ఉంటున్నారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, వజ్రపుకొత్తూరు మండలంలోని మీ సొంత ఊళ్లో జీడితోట ఉందనీ, 68 ఏళ్ల మీ నాన్నగారు తెల్లవారకముందే ఒంటరిగా తోటకు వెళ్తారనీ, పోయిన వేసవిలో రెండుసార్లు తోటలో ఎలుగు కనిపించిందనీ రాశారు. ఆ తరువాత మూడు ప్రశ్నలు అడిగారు. ఎలుగుల సంఖ్యను ప్రభుత్వం ఎందుకు తగ్గించదు? పట్టుకుని దూరపు అడవిలో ఎందుకు వదలదు? ఈ రెండూ జరగనప్పుడు నాన్నగారు ఏం చేయాలి? నేను అటవీశాఖ ఉద్యోగంలో ఎక్కువ కాలం విశాఖ ఏజెన్సీలోనూ, కొంత కాలం శ్రీకాకుళం తీరంలోనూ పనిచేసి, ఇప్పుడు ఈ నగరంలోనే విశ్రాంతి తీసుకుంటున్నాను. మీ మూడో ప్రశ్నకే ఎక్కువ చోటు ఇస్తాను. మొదటి రెండింటిపై నిర్ణయం మీ చేతిలో లేదు, మా వంటి వాళ్ల చేతిలో ఎన్నడూ లేదు. మూడోది మాత్రం పూర్తిగా మీ తోట గట్టు మీద తేలే విషయం.

ముందుగా సంఖ్య సంగతి. "మా ఊళ్లో ఎలుగులు పెరిగిపోయాయి" అన్న మాట నేను పనిచేసిన ప్రతి అటవీ రేంజ్‌లోనూ విన్నాను. అది అబద్ధం అనను. అయితే అది లెక్క కాదు, చూపు. తల్లీ, రెండు పిల్లలూ కలిసి ఒకే వారంలో ఐదు ఊళ్ల తోటల్లో తిరిగితే, ఐదు ఊళ్లవాళ్లూ చెప్పినవి కూడి పదిహేను ఎలుగులు అవుతాయి. పులికి ఒంటి చారలను బట్టి ఏది ఏదో పోల్చవచ్చు. ఎలుగుకు ఛాతీ మీద తెల్లని మచ్చ ఉన్నా, రాత్రిపూట కెమెరాకు అది నిటారుగా నిలబడి కనిపించదు కనుక ఒకదాని నుంచి మరొకదాన్ని వేరుచేయడం చాలా కష్టం. తవ్విన పుట్టలు, గింజలతో నిండిన పెంటికలు, చెట్టు బెరడు మీద గోళ్ల గీతలు చూసి ఆ ప్రాంతాన్ని ఎలుగు ఎంతగా వాడుకుంటోందో చెప్పగలం గానీ, ఎన్ని ఉన్నాయో చెప్పలేం. భారతదేశం మొత్తంలో మన ఎలుగులు (ఇంగ్లీషులో స్లాత్ బేర్ అనే జాతి) 6 వేల నుంచి 11 వేల మధ్య ఉంటాయని అంచనా. ఆ విస్తృతిని చూస్తేనే లెక్క ఎంత కష్టమో తెలుస్తుంది. ప్రపంచ స్థాయిలో ఈ జాతి తగ్గిపోతున్న జాతుల పట్టికలో ఉంది.

పెరిగినట్టు కనిపించడానికి కారణాలు వేరే ఉన్నాయి. ఎలుగు పగలు పడుకోవడానికి బండరాళ్ల గుహలో, దట్టమైన తుప్పలో ఉండాలి. శ్రీకాకుళం జిల్లాలో గ్రానైట్ తవ్వకాలు సాగిన కొండలు ఎన్ని ఉన్నాయో మీకు నాకంటే బాగా తెలుసు. టెక్కలి నీలి గ్రానైట్ విదేశాలకు వెళ్తుంది, దాని కింద ఉన్న గుహ మాత్రం ఎక్కడికీ వెళ్లలేదు, పోయింది. ఇక తీరం వెంట ఉన్న జీడి, సరుగుడు తోటలూ, వాటి మధ్య మనిషి కత్తి పడని మొగలి పొదలూ ఎలుగుకు మంచి ఆశ్రయం ఇస్తాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి చెట్లు వేలాదిగా నేలకూలిన సంగతి మీ ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటూ ఉంటారు. ఆ తరువాత బాగుచేసుకోలేక వదిలేసిన తోటల్లో తుప్పలు పెరిగాయి. ఎలుగు దృష్టిలో అది అడవే, పైగా పండ్లున్న అడవి.

"కోతులకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేస్తున్నారు కదా, వీటికీ చేయవచ్చు కదా" అని రాశారు. కోతి మంద ఏటేటా పెరుగుతుంది. ఎలుగు అలాంటి జంతువు కాదు. ఆడ ఎలుగు వేసవి చివర్లో జతకట్టి, శీతకాలంలో గుహలో ఒకటి లేదా రెండు పిల్లలను కంటుంది. ఆ పిల్లలు దాదాపు రెండేళ్లు తల్లి వెంటే తిరుగుతాయి, మొదటి నెలల్లో తల్లి వీపు మీదే ప్రయాణం చేస్తాయి. కాబట్టి ఒక ఆడ ఎలుగు రెండు మూడేళ్లకు ఒకసారి మాత్రమే ఈనుతుంది. ఇంత నిదానంగా పెరిగే జంతువు సంఖ్యను బలవంతంగా తగ్గిస్తే కొన్నేళ్లలోనే ఆ ప్రాంతం ఖాళీ అవుతుంది. అమెరికాలో నల్ల ఎలుగులను వేట అనుమతులతో అదుపులో ఉంచుతారన్న మాట నిజమే. అక్కడ ఆ జాతి లక్షల్లో ఉంది, మనిషి అలికిడి వినగానే చెట్టెక్కడమో పారిపోవడమో దాని అలవాటు. మన ఎలుగుకు ఆ రెండూ వర్తించవు. అక్కడి పద్ధతిని ఇక్కడికి తెస్తే తలుపుకు సరిపోని తాళం కొనుక్కున్నట్టే.

చట్టం కూడా స్పష్టంగా ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఎలుగు మొదటి షెడ్యూలులో ఉంది, అంటే పులికి ఉన్న రక్షణే దీనికీ ఉంది. మనుషుల ప్రాణాలకు ప్రమాదకరంగా మారిందని, లేదా కోలుకోలేని జబ్బుతోనో గాయంతోనో ఉందని రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి నిర్ధారించుకోవాలి. పట్టుకోవడం, మత్తు ఇవ్వడం, తరలించడం సాధ్యం కాదని కూడా తేలాలి. అప్పుడే చంపడానికి రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వగలరు. అందులోని మరో నిబంధన చాలామందికి తెలియదు. ఎలుగు మీద పడ్డప్పుడు ప్రాణరక్షణ కోసం సద్భావంతో దాన్ని గాయపరచినా, అది చనిపోయినా నేరం కాదు. ఈ సంగతి తెలియకే కొందరు గాయపడి కూడా కేసు భయంతో ఆసుపత్రిలో అసలు విషయం దాస్తారు. అయితే మరునాడు పదిమందీ కర్రలు, బల్లేలు పట్టుకుని వెతికి చంపితే అది ఆత్మరక్షణ కాదు, 3 నుంచి 7 ఏళ్ల శిక్ష పడే నేరం. అడవిపందుల కోసం కరెంటు తీగ పెట్టి, దానికి ఎలుగు పడి చనిపోయినా నేరమే. ఆ తీగకు ఎలుగుల కంటే ముందు మనుషులు, పశువులు చచ్చిన సందర్భాలు నేను చూశాను.

ఇక పట్టుకుని వదలడం గురించి. 2022 జూన్‌లో మీ మండలంలోనే, కిడిసింగి దగ్గర ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. ఎలుగు దాడిలో ఒక రైతు చనిపోయారు, మరికొందరు గాయపడ్డారు. చివరికి మత్తు ఇచ్చి పట్టుకున్న ఆ ఎలుగు విశాఖ జూకు తీసుకువస్తుండగా దారిలోనే చనిపోయింది. ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ల మీద తీర్పు చెప్పడం నా ఉద్దేశం కాదు. ఇలాంటి పని ఎంత కష్టమో మాత్రం చెప్పాలి. మత్తు సూది తగిలిన వెంటనే జంతువు కూలిపోదు, పది పదిహేను నిమిషాలైనా పడుతుంది. ఆ సమయంలో అది ప్రశాంతంగా ఉంటే మందు పనిచేస్తుంది. చుట్టూ ఐదు వందల మంది ఫోన్లు ఎత్తి కేకలు వేస్తుంటే దాని ఒంట్లో ఎక్కిన భయం మందుతో పోరాడుతుంది, రెండో మోతాదు ఇవ్వవలసి వస్తుంది. జూన్ ఎండలో, నల్లని దట్టమైన బొచ్చుతో, ముందే పరుగెత్తి అలసిన జంతువుకు మత్తు ఇస్తే ఒంటి వేడి ప్రమాదకర స్థాయికి చేరుతుంది. పైగా అప్పటికే జనం రాళ్లు, కర్రలతో కొట్టి ఉంటే లోపలి గాయాలు పైకి కనిపించవు. వజ్రపుకొత్తూరు నుంచి విశాఖకు జాతీయ రహదారి మీద మూడు గంటలకు పైగా బోనులో ప్రయాణం. ఇవన్నీ దాటుకుని బతికి వచ్చే ఎలుగు కూడా ఉంటుంది, కానీ దాని మీద ఆధారపడి పథకం వేసుకోలేం.

నా అనుభవంలో మత్తు ఆపరేషన్ విజయం సగానికి సగం జనాన్ని ఎంత దూరంలో ఆపగలిగామన్న దానిపై ఆధారపడి ఉంటుంది. ఒకసారి, ఏజెన్సీకి దిగువన ఉన్న ఒక ఊళ్లో, ఎలుగు పాత పెంకుటింట్లో దూరిందని పిలుపు వచ్చింది. మేం చేరేసరికి ఇంటి కప్పు మీద పది మంది యువకులు ఎక్కి పెంకులు తీసి లోపలికి చూస్తున్నారు. వాళ్లను దించడానికే గంటన్నర పట్టింది. చీకటి పడ్డాక వీధి దీపాలు ఆర్పించి, కొండవైపు తలుపు ఒక్కటి తెరిచి, అందరం వెనక్కి జరిగాం. అర్ధరాత్రి దాటాక అది తనంతట తానే వెళ్లిపోయింది. మత్తు సూది పెట్టె తెరవలేదు. మరునాడు ఒక పెద్దమనిషి "పట్టలేకపోయారు కదా" అన్నాడు. నాకు ఆ రోజు అంతకన్నా మంచి ఫలితం తట్టదు.

పట్టుకున్న దాన్ని ఎక్కడ వదలాలి? నగరంలో చాలామంది "కంబాలకొండలో వదిలేయండి" అంటారు. కంబాలకొండ అభయారణ్యం సుమారు 70 చదరపు కిలోమీటర్లు, దాని చుట్టూ మధురవాడ, ఆరిలోవ, సింహాచలం, పెందుర్తి రోడ్డు ఉన్నాయి. అక్కడ చిరుతే అప్పుడప్పుడు కాలనీల అంచుల్లో కనిపిస్తోంది, దానికి తోడు దారి తెలియని ఎలుగును చేర్చడం మీ ఇంటి పెరట్లోకే సమస్యను తెచ్చుకోవడం. అనంతగిరి, చింతపల్లి వైపు కొండల్లో వదిలితే అక్కడ కాఫీ తోటల్లో, చోడి (రాగి) పొలాల్లో పనిచేసే గిరిజనుల నెత్తిన పెట్టినట్టు అవుతుంది. ఉద్దానం రైతు ప్రాణం ఎంతో పాడేరు రైతు ప్రాణమూ అంతే. తన దారులు, నీళ్లు, గుహలు అన్నీ తెలిసిన చోటు నుంచి వేరు చేసిన ఎలుగు, తిరిగి వెళ్లాలని చూస్తూ తెలియని ఊళ్ల మధ్య నుంచి నడుస్తుంది. అక్కడే మళ్లీ ఎదురుపడుతుంది. తల్లిని తరలించి పిల్లలు వెనక ఉండిపోతే అది మరో అనర్థం. అందువల్ల తరలింపు అనేది గాయపడిన, బావిలో పడిన, లేదా పదేపదే మనుషుల మీద పడిన జంతువుకు చివరి మందు. తోటలో రెండుసార్లు కనిపించిన ఎలుగుకు అది మందు కాదు.

ఇంతకీ ఎలుగు ఎందుకు మీద పడుతుంది? ఈ ఒక్క సంగతి మీ నాన్నగారికి అర్థమైతే మిగిలిన జాగ్రత్తలన్నీ తేలిక. మన ఎలుగు వేటజంతువు కాదు. దాని ముఖ్య ఆహారం చెదలు, చీమలు, పండ్లు, తేనె. పై దవడ మధ్యలో రెండు పళ్లు ఉండవు. ఆ సందులోంచి పెదాలను గొట్టంలా ముందుకు చాచి, పుట్టను తవ్వి, మట్టిని ఊది, చెదలను పీల్చుకుంటుంది. ఆ పీల్చే శబ్దం వంద మీటర్ల దూరానికి కూడా వినిపిస్తుంది. ఇలా తలను పుట్టలో పెట్టి పీలుస్తున్నప్పుడు తన చప్పుడులో తనకే మరొకటి వినిపించదు, చూపు ముందే మందం, గాలి ఎదురుగా వీస్తుంటే వాసనా తెలియదు. సరిగ్గా అదే సమయంలో మీ నాన్నగారు మెత్తటి ఇసుక దారిలో, చెప్పుల చప్పుడు లేకుండా, పది అడుగుల దూరానికి వస్తారు. పులులతో కలిసి లక్షల ఏళ్లు బతికిన ఈ జాతికి హఠాత్తుగా దగ్గరికి వచ్చిన దేన్నైనా ముందు కొట్టి తరువాత ఆలోచించడమే నేర్పు. చెట్టెక్కి తప్పించుకుందామంటే చిరుత కూడా చెట్టెక్కుతుంది, అందుకే ఎదురుదాడి దానికి రక్షణ. వీపు మీద పిల్లలున్నప్పుడు ఆ దాడి రెట్టింపు ఉంటుంది. నిలబడి ముందుకాళ్లతో ముఖాన్ని, తలను గీరుతుంది. మూడంగుళాల వరకు పెరిగే ఆ గోళ్లు పుట్టలు తవ్వడానికి తయారైనవి, మనిషి ముఖానికి ఎంత పని చెప్తాయో ఊహించుకోవచ్చు. మనవాళ్లు భల్లూకపు పట్టు అని ఊరికే అనలేదు గానీ, నిజానికి చాలా దాడులు పట్టు కాదు, ఒకటి రెండు దెబ్బలు, వెంటనే పరుగు. ఛత్తీస్‌గఢ్ ఇంకా విడిపోని రోజుల్లో, 1989 ఏప్రిల్ నుంచి 1994 మార్చి వరకు మధ్యప్రదేశ్‌లో నమోదైన 735 దాడుల్లో 48 మంది మరణించారు. ప్రాణం పోయినవాళ్లు తక్కువ, రూపం పోయినవాళ్లు ఎక్కువ.

ఇప్పుడు తోట సంగతికి వస్తాను. ఎలుగు మీ తోటకు మీ కోసం రాదు, జీడిపండు కోసం వస్తుంది. ఫిబ్రవరి నుంచి మే వరకు పిక్కలు ఏరేటప్పుడు మనవాళ్లు పిక్కను తిప్పి తీసుకుని పండును అక్కడే పారేస్తారు. సాయంత్రానికి ప్రతి చెట్టు కింద ఒక కుప్ప పులుస్తూ ఉంటుంది. ఎలుగు ముక్కుకు ఆ వాసన ఎంత దూరం వెళ్తుందో లెక్క లేదు. ఒక రాత్రి తిన్న ఎలుగు మరునాడు అదే వేళకు వస్తుంది. దాని పిల్లలు ఆ తోటను తల్లి చూపించిన భోజనశాలగా గుర్తుపెట్టుకుంటాయి. అందువల్ల నేను ఏ రైతుకైనా మొదట చెప్పే మాట ఇది: పిక్కతో పాటు పండునూ ఏరండి. పశువులు తింటే పశువులకు పెట్టండి, లేకుంటే ఇంటికి దూరంగా, దారికి దూరంగా గొయ్యి తీసి మట్టి కప్పి ఎరువు చేయండి. కూలీ ఖర్చు పెరుగుతుందని మీ నాన్నగారు అంటారు, నాకు తెలుసు. తోట మొత్తం చేయలేకపోతే పాక చుట్టూ, నడిచే దారికి రెండు వైపులా ఉన్న చెట్ల కింద అయినా చేయండి. పిక్కల బస్తాలను పాకలో రాత్రిపూట ఉంచి దాని ముందే మంచం వేసుకుని కాపలా పడుకోవడం మాత్రం వెంటనే మానాలి.

పనస విషయంలో మీ ప్రాంతానికి ఒక అదృష్టం ఉంది. ఉద్దానం పనసకాయ పెళ్లిళ్ల కూరకు విశాఖ దాకా, ఒడిశా దాకా వెళ్తుంది, కాబట్టి కాయగానే అమ్ముడుపోతుంది. చెట్టు మీద పండబెట్టే నాలుగు కాయల కోసమే సమస్య. ఇంటికి కావలసిన ఒకటి రెండు కాయలను కాస్త ముందుగా దించి ఇంట్లో మాగబెట్టుకుంటే, మే నెలలో ఎలుగు మీ పెరట్లో చెట్టు ఎక్కే అవసరం ఉండదు. తోటలో తేనెపట్టు ఉంటే, పాక దగ్గర జీలుగు కల్లు కుండ కట్టే అలవాటు ఉంటే, అవీ అంతే. ఊరి చివర గుడిలో దీపపు నూనె, కొబ్బరి చిప్పలు, ప్రసాదం రాత్రిపూట వదిలేయడం గురించి పూజారిగారితో ఒకసారి మాట్లాడండి. ఛత్తీస్‌గఢ్‌లో బాగ్‌బహరా దగ్గర ఒక చండీమాత గుడికి ఎలుగులు వచ్చి భక్తుల చేతి ప్రసాదం తింటాయని వీడియోలు చూసి మురిసిపోయేవాళ్లు చాలామంది ఉన్నారు. మనిషి చేతిలో ఆహారం ఉంటుందని నేర్చుకున్న ఎలుగు మరో ఊళ్లో ఖాళీ చేతులతో ఉన్న మనిషి దగ్గరికి కూడా అదే నమ్మకంతో వస్తుంది. ఫొటోల కోసం పండ్లు పెట్టడం నేను ఎప్పుడు చూసినా కోప్పడ్డాను.

తుప్పల విషయంలో జాగ్రత్తగా చెప్పాలి. "ఊరి చుట్టూ ఉన్న పొదలన్నీ బుల్డోజరుతో తీసేయండి" అని గ్రామసభల్లో డిమాండు వస్తుంది. అన్నీ తీసేస్తే అక్కడ ఉన్న ఎలుగు ఊరి మధ్యలోని ఇంకో తుప్పలోకి, పాడుబడ్డ ఇంట్లోకి మారుతుంది, అది మరింత ప్రమాదం. నడిచే దారికి అటూ ఇటూ నాలుగు బారల వరకు, పాక చుట్టూ, బావి చుట్టూ, బడి దారిలో తుప్పలు కొట్టి చూపు ఆనేలా చేయండి. సముద్రం వైపు ఉన్న పెద్ద మొగలి డొంకను, గుట్ట మీది బండలను వదిలేయండి. దాని ఇల్లు ఎక్కడుందో మనకు తెలియడం మనకే మేలు. చెద పుట్ట దారి పక్కనే ఉంటే దాన్ని తీసేయవచ్చు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు బండల మధ్యకు కట్టెల కోసం, పుల్లల కోసం ఎవరూ వెళ్లకూడదు. అప్పుడు గుహలో చంటి పిల్లలతో తల్లి ఉంటుంది, ఆ తల్లికి పరిచయం అక్కర్లేదు.

మీ నాన్నగారి నడక గురించి నేను రాజీపడను. ఎలుగు రాత్రి తిరిగి తెల్లవారుతుండగా గుహకు మళ్లుతుంది. ఆయన సరిగ్గా ఆ వేళకే బయలుదేరుతున్నారు. ఇద్దరి డ్యూటీ ఒకే చోట మారుతోందన్నమాట. సూర్యుడు వచ్చి, నేల మీద నీడ స్పష్టంగా పడ్డాక వెళ్లమనండి, సాయంత్రం నీడ పొడవయ్యాక తిరిగి రమ్మనండి. ఒంటరిగా వెళ్లవద్దు. తోడు దొరకని రోజు గొంతెత్తి మాట్లాడుతూ, పాడుకుంటూ, లేదా గజ్జెలు కట్టిన కర్రను నేలకు తాటిస్తూ నడవాలి. ఇది చిన్నపిల్లల ఆటలా అనిపిస్తుందని ఆయన సిగ్గుపడవచ్చు. పాడేరు వైపు గిరిజన పెద్దలు ఎలుగు తిరిగే కొండ ఎక్కేటప్పుడు గొంతు సవరించుకుంటూ వెళ్లడం నేను స్వయంగా చూశాను, వాళ్లెవరూ సిగ్గుపడలేదు. ముందుగా అలికిడి విన్న ఎలుగు చాలాసార్లు తనే పక్కకు తప్పుకుంటుంది. చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నడిచే మనవళ్లకు ఈ మాట రెండుసార్లు చెప్పాలి. తెల్లవారుజామున బహిర్భూమికి తోటల్లోకి వెళ్లే అలవాటు ఊళ్లో ఇంకా ఎవరికైనా ఉంటే, మరుగుదొడ్డి వాడేలా వాళ్లను ఒప్పించడం ఎలుగు సమస్యకు కూడా పరిష్కారమే.

కుక్కను తోడు తీసుకెళ్తే మంచిదని చాలామంది అనుకుంటారు. పాక దగ్గర కట్టేసిన కుక్క మొరిగి హెచ్చరిస్తే మంచిదే. వదిలేసిన కుక్క మాత్రం తుప్పలో పడుకున్న ఎలుగును లేపి, అది తరమగానే తోక ముడిచి తిన్నగా యజమాని కాళ్ల దగ్గరికే పరుగెత్తుకొస్తుంది. వెనకాలే ఎలుగు. ఈ విధంగా గాయపడ్డవాళ్లను నేను ఎరుగుదును.

దూరంగా ఎలుగు కనిపిస్తే నిలబడండి, దాని వైపు చూస్తూ నెమ్మదిగా వెనక్కి నడవండి, దానికి పోయే దారి వదలండి. పరుగు వద్దు, అది మనిషికంటే వేగంగా పరుగెత్తుతుంది. చెట్టు ఎక్కవద్దు, అది మీకంటే బాగా ఎక్కుతుంది. ఫోన్ తీయవద్దు, రాయి విసరవద్దు. మీదికి దూసుకొస్తే నేల మీద బోర్లా పడుకుని, ముఖం నేలకు ఆనించి, రెండు చేతుల వేళ్లూ మెడ వెనక ముడివేసి, మోచేతులతో చెంపలు కప్పుకోవాలి. చిన్నప్పుడు మనందరం విన్న కథలో ఎలుగును చూసి ఊపిరి బిగపట్టి పడుకున్న స్నేహితుడు బతికిపోయాడు. ఆ కథలో సగం నిజం ఉంది. వెల్లకిలా పడుకుంటే ముఖం దానికి అందుతుంది, అందుకే బోర్లా అన్న మాట గుర్తుండాలి. అది వెళ్లిపోయిందని నిశ్చయమయ్యే దాకా లేవకూడదు.

గాయమైతే సబ్బుతో, పారే నీళ్లతో పావుగంట సేపు కడగాలి. కాఫీ పొడి, పసుపు, సున్నం ఏవీ పెట్టకూడదు. తెగి వేలాడుతున్న చర్మాన్ని కోసి పారేయకుండా శుభ్రమైన గుడ్డతో అలాగే అదిమి కట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అది ముఖాన్ని తిరిగి అతకడానికి పనికొస్తుంది. ధనుర్వాతం సూదితో పాటు రేబిస్ టీకా, గాయం చుట్టూ వేసే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా తప్పనిసరి, ఎలుగు కాటు కుక్క కాటుకంటే తక్కువ కాదు. ముఖం మీద పెద్ద గాయమైతే స్థానికంగా రక్తం ఆపించి, విశాఖలో ప్లాస్టిక్ సర్జరీ ఉన్న కేజీహెచ్ వంటి పెద్ద ఆసుపత్రికి చేర్చండి. ఆసుపత్రిలో "ఎలుగు దాడి" అని కాగితం మీద స్పష్టంగా రాయించండి. అదే రోజు అటవీశాఖ రేంజ్ కార్యాలయానికి తెలియజేసి, పంచనామా చేయించండి. కేంద్ర పథకాల కింద 2023లో సవరించిన లెక్క ప్రకారం మరణానికి 10 లక్షలు, తీవ్ర గాయానికి 2 లక్షలు, స్వల్ప గాయానికి చికిత్స ఖర్చు 25 వేల రూపాయల వరకు పరిహారం ఉంది. మన రాష్ట్రంలో అమలులో ఉన్న మొత్తాన్ని రేంజ్ కార్యాలయంలోనే అడిగి, దరఖాస్తు ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ముద్ర లేని దరఖాస్తులు నా కళ్లముందే బీరువాల్లో ముసలివైపోయాయి. ఈ తప్పులో మా పక్షం వాటా చిన్నది కాదని ఒప్పుకుంటాను.

ఊరు మొత్తంగా చేయవలసింది ఒకటుంది. ఎలుగు పగటిపూట ఊళ్లో చిక్కుకున్నప్పుడు జనాన్ని ఆపడానికి ఇద్దరు ముగ్గురు బీట్ సిబ్బంది సరిపోరు. ఎవరు దారి మూయాలి, ఎవరు పిల్లల్ని ఇళ్లలో ఉంచాలి, ఎవరు అటవీశాఖకు ఫోన్ చేయాలి అన్నది ముందే అనుకుని ఉండాలి. పోలీసుల సాయంతో గుమికూడకుండా ఉత్తర్వులు తెచ్చుకోవచ్చు, పాత 144 సెక్షన్ స్థానంలో 2024 జూలై నుంచి కొత్త భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 163 సెక్షన్ అందుకు వర్తిస్తుంది. వీటన్నిటికంటే మీ ఊరి యువకుల్లో పదిమంది మాట వింటే చాలు.

మీరు చెప్పినదాంట్లో నాకు ఒక సందేహం మిగిలింది. రెండుసార్లు కనిపించింది ఒకే ఎలుగా, ఒంటరిగానా, పిల్లలతోనా అన్నది రాయలేదు. ఈసారి వెళ్లినప్పుడు ఇసుక దారిలో అడుగుజాడలు చూడండి. వెనక కాలి గుర్తు మనిషి పాదంలాగే ఉంటుంది, కానీ వేళ్లకు ముందు కాస్త దూరంలో గోళ్ల చుక్కలు ఉంటాయి. పక్కన మీ చెప్పు పెట్టి ఫొటో తీయండి, పెద్ద అడుగు వెంట చిన్న అడుగులు ఉన్నాయేమో గమనించండి. ఒక కాగితం మీద తోట గీసి, పుట్టలు, పనస చెట్టు, బావి, పాక, మొగలి డొంక, నాన్నగారు నడిచే దారి గుర్తించి పంపండి. ఏ తుప్ప కొట్టాలో, ఏ దారి మార్చాలో దాన్నిబట్టి చెబుతాను. జనవరి దాటకముందే పంపితే మంచిది, ఫిబ్రవరిలో మొదటి పండ్లు రాలడం మొదలవుతుంది.